శ్వాసను కొలవడం: దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధుల నిర్ధారణ, చికిత్సల్లో ఇటీవలి పరిశోధనలు

4.0 పరిచయం

కిందటి భాగంలో మీరు ఊపిరితిత్తుల నిర్మాణాన్ని, వాయుగోణుల్లో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌ల మార్పిడి జరిగే తీరును చదివారు. ఆ నిర్మాణం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పాడవుతూ వస్తే ఏమవుతుంది, ఆ సంగతిని వైద్యులు ఎలా కనిపెడతారు, కనిపెట్టాక ఏం చేయగలుగుతున్నారు అన్నవి ఈ భాగంలోని విషయాలు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధులు చాలా ఉన్నాయి. అన్నిటినీ తడిమి వదిలేయడం కంటే ఒకదాన్ని బాగా అర్థం చేసుకోవడం మేలు. అందువల్ల దీర్ఘకాలిక శ్వాస అవరోధక వ్యాధిని, అంటే ఆసుపత్రుల్లో సీఓపీడీ అని పిలిచే వ్యాధిని ప్రధానంగా తీసుకుందాం. ఉబ్బసం ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది.

ముందుగా ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంటి ఇల్లాలి వయసు 52. బీడీ, చుట్ట ముట్టి ఎరగదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి పాతికేళ్లకు పైగా కట్టెల పొయ్యి మీదే వంట. వర్షాకాలంలో తడి కట్టెలు రాజుకోవడానికి పొయ్యి ముందు వంగి ఊదుగొట్టంతో ఊదుతూనే ఉండేది. రెండేళ్లుగా బోరింగు దగ్గర నుంచి బిందె తెచ్చేటప్పుడు దారిలో ఒకసారి ఆగుతోంది. చలికాలంలో దగ్గు, గళ్ల. ఇంట్లో వాళ్లు వయసు మీద పడింది అంటారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గు మందు సీసా ఇస్తాడు, ఆయాసం ఎక్కువైన రోజు ఇంజెక్షన్ చేస్తాడు. నాలుగు రోజులు నెమ్మదిస్తుంది. మళ్లీ మొదలు.

ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అయితే ఆమె ఊపిరిని ఇంతవరకు ఎవరూ కొలవలేదు. జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం, తల తిరిగితే బీపీ చూస్తాం, చక్కెర వ్యాధి అనుమానం ఉంటే రక్తం తీస్తాం. ఆయాసాన్ని మాత్రం మాటలతో విని మందు రాసేస్తాం. ఈ భాగం చదివాక మీరు శ్వాస పరీక్ష నివేదికలోని ముఖ్యమైన అంకెలను చూసి వాటి అర్థం చెప్పగలగాలి. ఇటీవలి పరిశోధనల్లో ఏవి చికిత్సను నిజంగా మార్చాయో, ఏవి ఆశను మాత్రమే చూపాయో వేరు చేయగలగాలి.

4.1 గాలి ఎక్కడ చిక్కుకుంటుంది?

సీఓపీడీలో ఇబ్బంది గాలి పీల్చడంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు ఇబ్బంది వదలడంలో ఉంటుంది. ఇది అర్థం కావడానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు దీన్ని చేయవద్దు. కుర్చీలో కూర్చుని ఛాతీ నిండా గాలి పీల్చండి. ఇప్పుడు అందులో కొద్దిగా మాత్రమే వదిలి మళ్లీ పీల్చండి. పూర్తిగా వదలకుండా పైపైనే ఐదారుసార్లు ఇలా చేయండి. మెడ కండరాలు బిగుసుకోవడం, పీల్చడానికి చోటు లేనట్లు అనిపించడం గమనించారా? ఛాతీలో గాలి నిండుగా ఉంది, అయినా ఊపిరి అందడం లేదనిపిస్తుంది. సీఓపీడీ రోగి నాలుగు మెట్లు ఎక్కినప్పుడు అనుభవించేది ఇదే.

పొగ, దుమ్ము ఏళ్ల తరబడి తగిలినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. సన్నని శ్వాసనాళికల గోడలు వాచి, మందమై, శ్లేష్మంతో ఇరుకవుతాయి. ఇంకోవైపు వాయుగోణుల మధ్య గోడలు కరిగిపోయి, ఊపిరితిత్తి తన సాగే గుణాన్ని పోగొట్టుకుంటుంది. ఆరోగ్యవంతుడిలో ఆ గోడలే నాలికలను చుట్టూ లాగి పట్టి తెరిచి ఉంచుతాయి. గుడారాన్ని తాళ్లు లాగి నిలబెట్టినట్లు అనుకోండి. తాళ్లు తెగితే గుడారం కూలినట్లే, నిశ్వాసంలో నాలికలు మూసుకుపోతాయి. గాలి లోపలే చిక్కుకుంటుంది.

ఉబ్బసంలోనూ నాళాలు ఇరుకవుతాయి, పిల్లికూతలు వినిపిస్తాయి. అయితే అక్కడ ఇరుకు వస్తూ పోతూ ఉంటుంది, మందుతో చాలావరకు తెరుచుకుంటుంది. సీఓపీడీలో మందు వేసినా కొంత ఇరుకు మిగిలే ఉంటుంది. ఈ తేడాను చెవితో పట్టుకోవడం కష్టం. స్టెతస్కోపుకు రెండూ ఒకేలా వినిపించవచ్చు.

ఊపిరితిత్తుల్లో మన రోజువారీ అవసరానికి మించిన సామర్థ్యం చాలా ఉంటుంది. అందువల్ల నష్టం మొదలైన వెంటనే తెలియదు. తెలిసినప్పుడు కూడా మనిషి తెలియకుండానే సర్దుకుంటాడు. నడక తగ్గిస్తాడు, మెట్లు మానేస్తాడు, బిందె బదులు చెంబు మోస్తాడు. అడిగితే ఆయాసం లేదనే చెబుతాడు. ఆయాసం తెప్పించే పనులన్నీ అప్పటికే మానేశాడు కదా!

4.2 ఒక్క సెకను విలువ

శ్వాసను కొలిచే స్పైరోమీటర్‌ను లండన్‌కు చెందిన శస్త్రవైద్యుడు జాన్ హచిన్‌సన్ రూపొందించాడు. 1846లో ప్రచురించిన తన పరిశోధనలో ఆయన రెండు వేలకు పైగా మనుషుల ఊపిరిని కొలిచాడు. వారిలో నావికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అచ్చు పనివారు ఉన్నారు. పొడవు పెరిగిన కొద్దీ ఊపిరి సామర్థ్యం క్రమంగా పెరుగుతుందని ఆయనే చూపించాడు. అందుకే నేటికీ ఈ పరీక్షకు ముందు మీ ఎత్తు కొలుస్తారు. అయితే ఆయన కొలిచింది మొత్తం ఎంత గాలి బయటికి వస్తుందన్నదే. అది ఎంత వేగంగా వస్తుందన్న ప్రశ్న వేయడానికి ఇంకో వంద సంవత్సరాలు పట్టింది. 1947లో పారిస్‌లో టిఫెనో, పినెల్లి అనే పరిశోధకులు నిర్ణీత సమయంలో వదలగలిగే గాలిని కొలవాలని సూచించారు. వ్యాధి నిర్ధారణ అక్కడే మలుపు తిరిగింది.

నేడు పరీక్ష ఇలా జరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి ముక్కుకు క్లిప్పు పెడతారు. నిండుగా గాలి పీల్చి, గొట్టాన్ని పెదాలతో గట్టిగా మూసి, ఒక్కసారిగా బలమంతా పెట్టి ఊదాలి. ఊదుతూనే ఉండాలి, లోపలి గాలి పూర్తిగా ఆగే వరకు. పక్కన టెక్నీషియన్ "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అని గట్టిగా అంటుంటాడు. కోప్పడుతున్నాడని కొత్తవాళ్లు బెదరడం మామూలే. కానీ ఆ అరుపు కూడా పరీక్షలో భాగమే. సరిగా ఊదని పరీక్ష తప్పు అంకెను ఇస్తుంది. కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదించి, వాటిలో మంచివి రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూస్తారు. తరవాత సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ ఇచ్చి, పావుగంట ఆగి, మళ్లీ ఊదిస్తారు.

నివేదికలో చాలా అంకెలుంటాయి. మీరు రెండింటిని పట్టుకుంటే చాలు. బలంగా ఊదినప్పుడు బయటికి వచ్చిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చింది ఎఫ్‌ఈవీ1. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో మొత్తం గాలిలో నాలుగింట మూడు వంతులు, అంతకంటే ఎక్కువ కూడా, మొదటి సెకనులోనే వచ్చేస్తుంది. మందు ఇచ్చిన తరవాత కూడా ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో భాగిస్తే వచ్చే విలువ 0.70 కంటే తక్కువైతే, లక్షణాలు, పొగ, దుమ్ముల చరిత్ర దానికి సరిపోతే, అది సీఓపీడీ. ప్రపంచ వైద్యులు అనుసరించే గోల్డ్ మార్గదర్శకాల నిర్వచనం ఇదే. మొదటి నివేదిక 2001లో వచ్చింది. 2025 నివేదిక పని కొంత తేలిక చేసింది: మందు ఇవ్వకముందే నిష్పత్తి మామూలుగా ఉంటే చాలామందిలో రెండో విడత అవసరం లేదు, తక్కువగా ఉంటేనే మందు ఇచ్చి నిర్ధారించుకోవాలి.

తీవ్రతను మాత్రం ఇంకో లెక్కతో చెబుతారు. ఆ వయసు, ఎత్తు ఉన్నవారికి ఉండవలసిన ఎఫ్‌ఈవీ1లో రోగిది ఎంత శాతమో చూస్తారు. 80 శాతం, ఆపైన ఉంటే స్వల్పం. 50 నుంచి 79 మధ్యస్థం. 30 నుంచి 49 తీవ్రం. 30 లోపు అతి తీవ్రం.

"ఉండవలసిన" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఎవరికి ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించారు? చాలాకాలం పాటు అనేక యంత్రాలు తెల్లవారు కాని మనుషుల ఊపిరి సహజంగానే తక్కువని భావించి, ఆశించే విలువను తగ్గించి లెక్కవేసేవి. ఈ ఆలోచన వేళ్లు అమెరికాలోని బానిసత్వ కాలం దాకా పోతాయి. లక్ష్యాన్నే తగ్గించాక నష్టం చిన్నదిగా కనిపిస్తుంది. పేదరికం, పోషకాహార లోపం, పొగ వల్ల తగ్గిన ఊపిరి జాతి లక్షణంగా లెక్కలోకి ఎక్కుతుంది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతితో పనిలేని సమీకరణాలను వాడాలని సిఫార్సు చేసింది.

ఒక అపోహను ఇక్కడే తొలగించుకుందాం. కరోనా కాలంలో చాలా ఇళ్లలోకి వేలికి పెట్టే ఆక్సీమీటర్ వచ్చింది. 97 చూపిస్తే ఊపిరితిత్తులు బాగున్నాయని నిశ్చింత పడతారు. అది రక్తంలోని ఆక్సిజన్‌ను చెబుతుందే గాని నాళాల ఇరుకును చెప్పదు. మధ్యస్థ స్థాయి సీఓపీడీ ఉన్నవారిలో కూడా ఆ అంకె మామూలుగానే ఉండవచ్చు. ఛాతీ ఎక్స్‌రే కూడా తొలిదశ సీఓపీడీని పట్టుకోలేదు. అయినా ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే క్షయ, క్యాన్సర్, గుండె పెరగడం వంటివి అందులో బయటపడతాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు మన దేశంలో మొదట చేయవలసింది కఫం పరీక్ష. క్షయ లేదని తేలాకే స్పైరోమీటర్ గొట్టం నోట్లో పెట్టించాలి. క్షయ నయమైన వారిలో కూడా కొందరికి శ్వాసనాళాల ఇరుకు మిగిలిపోతుందన్నది గుర్తుంచుకోండి. మందుల కోర్సు ముగిసింది, ఇంకా ఆయాసం ఏమిటని వారిని విసుక్కోవడం సరికాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఉబ్బసానికీ సీఓపీడీకీ ఉన్న తేడాను పట్టుకోవడంలో మందు ఇచ్చి మళ్లీ ఊదించడం ఎలా తోడ్పడుతుంది? నాలుగు వాక్యాల్లో రాయండి.

4.3 లెక్కకు అందని రోగులు

పాత పాఠ్యపుస్తకాల్లో సీఓపీడీ రోగి అంటే సిగరెట్లు కాల్చిన వృద్ధుడు. భారతదేశ రాష్ట్రాల వారీగా వ్యాధుల భారాన్ని లెక్కించి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం వేరే చిత్రాన్ని చూపింది. 1990లో దేశంలో 2.81 కోట్ల మందికి ఉన్న ఈ వ్యాధి 2016 నాటికి 5.53 కోట్ల మందికి ఉంది. జనాభా పెరగడం, ఆయుర్దాయం పెరగడం ఇందుకు కొంత కారణం. అంతకంటే గమనించవలసింది కారణాల వాటా. సీఓపీడీ వల్ల కోల్పోయిన ఆరోగ్య జీవిత సంవత్సరాల్లో 53.7 శాతానికి ఇంటి లోపలి, బయటి గాలి కాలుష్యం కారణం. పొగాకు వాటా 25.4 శాతం. అంటే మన దేశంలో ఈ వ్యాధికి పొయ్యి, రోడ్డు, బట్టీ కలిసి బీడీ కంటే పెద్ద కారణం.

అంతమాత్రాన పొగాకును తక్కువ చేయకూడదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగే స్త్రీలు నేటికీ ఉన్నారు. అయితే "పొగ తాగుతావా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయే వైద్యుడికి మనం పరిచయంలో చూసిన ఇల్లాలు కనిపించదు. "ఏ పొయ్యి మీద వండుతారు? ఎన్నేళ్లు వండారు? వంటగదికి కిటికీ ఉందా?" అని కూడా అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. పొయ్యి మారింది, అది నిజం. కానీ గ్యాస్ వచ్చాక కూడా వేణ్నీళ్లకు, దాణాకు, పండగ పిండివంటలకు కట్టెల పొయ్యి వెలిగే ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. అంతకు ముందు పాతికేళ్లు పీల్చిన పొగ చేసిన నష్టం సిలిండర్ రాగానే మాయం కాదు.

వ్యాధికి విత్తనం ఇంకా ముందే పడుతుందని 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పీటర్ లాంగె, ఆయన సహచరులు అమెరికా, డెన్మార్క్‌లలో ఏళ్ల తరబడి కొలిచిన శ్వాస వివరాలను పరిశీలించారు. చివరికి సీఓపీడీ వచ్చినవారిలో సుమారు సగం మందికి ఊపిరి వేగంగా క్షీణించలేదు. వారికి 40 ఏళ్ల లోపే అది తక్కువగా ఉంది. ఊపిరితిత్తులు ఇరవై, పాతిక ఏళ్ల వయసులో తమ గరిష్ఠ స్థాయికి చేరతాయి. తక్కువ బరువుతో పుట్టడం, చిన్నతనంలో పదేపదే వచ్చిన నిమోనియాలు, ఇంట్లోని పొగ ఆ గరిష్ఠ స్థాయినే తగ్గించేస్తాయి. నిండని చెరువు ఎండలకు ముందే అడుగంటినట్లు, ఆ తరవాత వయసుతో వచ్చే మామూలు తరుగుదలే వారిని వ్యాధిలోకి దించుతుంది. కాబట్టి పొయ్యి దగ్గర తల్లి ఒళ్లో కూర్చున్న పసివాడు కూడా ఈ పాఠంలో ఉన్నాడు.

మరి ఇలాంటివారిని వెతికి పట్టుకోవచ్చా? ఖరీదైన యంత్రాలు లేని చోట ఏం చేయాలి? నేపాల్‌లోని భక్తపూర్, పెరూలోని లిమా, ఉగాండాలోని నకసేకె ప్రాంతాల్లో పదివేల మందికి పైగా పెద్దవాళ్లతో చేసి 2022లో జామా పత్రికలో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు వెతికింది. కొన్ని ప్రశ్నలు అడిగి, చేతిలో పట్టే చౌకైన పీక్ ఫ్లో మీటర్‌తో ఊదించి, ఆ ఫలితాన్ని పూర్తి స్పైరోమెట్రీతో పోల్చారు. ఒక్కొక్కరికి పట్టిన సమయం పది నిమిషాల లోపే. సాధారణ కార్యకర్తలు కూడా దీన్ని చేయగలిగారు. భక్తపూర్‌లో పరీక్షించిన వారిలో 18 శాతానికి పైగా సీఓపీడీ ఉంది. మూడు చోట్లా కలిపి, వ్యాధి బయటపడిన వారిలో 95 శాతం మందికి అంతకుముందు ఆ పేరే ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర కూడా తొలి ప్రశ్న వేసే మనిషి ఉంది. 30 ఏళ్లు దాటిన వారి కోసం ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య పరిశీలన పత్రంలో ఆయాసం, దగ్గు గురించే కాక, వంటకు ఏ ఇంధనం వాడతారు, పనిచేసే చోట పొగ, దుమ్ము ఉన్నాయా అని కూడా ఉంటుంది. పత్రం బాగుంది. ఆ పత్రంలో "కట్టెలు" అని గుర్తు పెట్టాక ఆమెను ఊదించే యంత్రం ఎంత దూరంలో ఉంది అన్నదే అసలు సమస్య. బీపీ మిషను వెళ్లినంత సులువుగా స్పైరోమీటర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లలేదు.

వెతికి పట్టుకుంటే లాభం ఉందా అన్నది విడిగా తేల్చవలసిన విషయం. కెనడాలో షాన్ ఆరన్ బృందం లక్షణాలుండి నిర్ధారణ కాని వారిని ఫోను ద్వారా వెతికి, సీఓపీడీ లేదా ఉబ్బసం బయటపడిన 508 మందిని రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపును ఊపిరితిత్తుల నిపుణుడు, శిక్షణ పొందిన అధ్యాపకురాలు చూసుకున్నారు. రెండో గుంపు తమ మామూలు వైద్యుడి దగ్గరే ఉంది. ఏడాదిలో శ్వాస సమస్యతో వైద్యానికి వెళ్లవలసి రావడం మొదటి గుంపులో మనిషికి 0.53 సార్లు, రెండో గుంపులో 1.12 సార్లు. 2024లో ఈ ఫలితం వెలువడింది. విశేషమేమిటంటే రెండో గుంపు వారి ఆరోగ్యం కూడా మెరుగుపడింది. వ్యాధికి పేరు పెట్టడమే కొంత మేలు చేసిందన్న మాట.

దీన్ని చూసి ఊరందరినీ వరసలో నిలబెట్టి ఊదించాలని తీర్మానించకండి. అమెరికాలోని నివారణ సేవల కార్యదళం ఏ లక్షణాలూ లేనివారికి ఈ పరీక్ష చేయవద్దని 2022లో మరోసారి చెప్పింది. లక్షణాలు లేనివారిలో వెతకడం వల్ల మేలు జరిగినట్లు ఆధారం లేదు. కెనడా వారు వెతికింది లక్షణాలున్నవారిని. ఈ రెండింటి మధ్య తేడాను పరీక్షలో చాలామంది విద్యార్థులు కలిపేస్తారు.

ఇక 0.70 అన్న గీత మీదే వాదన నడుస్తోంది. నిష్పత్తి మామూలుగా ఉండి, ఎఫ్‌ఈవీ1 మాత్రం 80 శాతం లోపు ఉన్నవారున్నారు. ఈ స్థితిని ప్రిజమ్ అంటారు. వీరిలో కొందరు తరవాతి ఏళ్లలో సీఓపీడీలోకి జారతారు, కొందరు మామూలు స్థితికి వస్తారు. గీతకు ఇవతల ఉన్నా దగ్గు, ఆయాసం, సీటీ స్కాన్‌లో గోడలు మందమైన ఆనవాళ్లు ఉన్నవారూ ఉన్నారు. 2025లో జామాలో ప్రచురించిన పరిశోధనలో లక్షణాలను, సీటీని, ఊదిన అంకెను కలిపి నిర్ధారించే పద్ధతిని ప్రతిపాదించారు. గీత ప్రకారం వ్యాధి లేదన్న వారిలో సుమారు 15 శాతం మంది ఈ పద్ధతిలో రోగులయ్యారు. కొద్దిమంది రోగులు జాబితా నుంచి తప్పుకున్నారు. వినడానికి బాగుంది. కానీ 2022లో వచ్చిన రెథింక్ అనే ప్రయోగంలో పొగ తాగిన చరిత్ర, లక్షణాలు ఉండి అంకె మామూలుగా ఉన్నవారికి రెండు నాళ విస్తరణ మందులు కలిపి ఇస్తే లక్షణాలు తగ్గలేదు. పేరు ముందే పెట్టగలిగాం, దానికి తగిన మందు ఇంకా చేతికి రాలేదు. పైగా జిల్లా కేంద్రంలో స్పైరోమీటరే దొరకని చోట సీటీ ఆధారంగా నిర్ధారణ అనడం, నా దృష్టిలో, ఇప్పట్లో మన పని కాదు.

4.4 చికిత్స: పాతవాటి బలం, కొత్తవాటి ఆశ

పోయిన ఊపిరితిత్తిని తిరిగి ఇచ్చే మందు లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం, ఆయాసాన్ని తగ్గించడం, ఉధృతులను ఆపడం చికిత్స లక్ష్యాలు. ఉధృతి అంటే దగ్గు, గళ్ల, ఆయాసం ఒక్కసారిగా పెరిగి మందు మార్చవలసి రావడం. ఒక్కొక్క ఉధృతి రోగిని ఒక మెట్టు కిందికి దించి పోతుంది. కొందరు మళ్లీ పాత మెట్టు ఎక్కలేరు. అందుకే పరిశోధనలన్నీ ఉధృతుల సంఖ్యను అంతగా లెక్కిస్తాయి.

పొగ మానడానికి సాటి వచ్చే మందు ఇప్పటికీ లేదు. అమెరికా, కెనడాలలో జరిగిన లంగ్ హెల్త్ స్టడీ 11 ఏళ్లు పరిశీలించినప్పుడు, సిగరెట్ మానిన పురుషుల ఎఫ్‌ఈవీ1 ఏడాదికి సుమారు 30 మి.లీ. తగ్గింది. మానని వారిలో 66 మి.లీ. తగ్గింది. మొదటిది దాదాపు వయసుతో అందరికీ వచ్చే తరుగుదలే. ఇంత వయసు వచ్చాక మానితే ఏం లాభం అనే తాతయ్యకు చూపించవలసిన అంకెలివి.

తరవాతిది ఇన్‌హేలర్. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తికి కొంతే చేరుతుంది. పీల్చితే మైక్రోగ్రాముల మోతాదు నేరుగా నాళాల్లో పడుతుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి దశ మందని మన ఊళ్లలో ఉన్న భయానికి ఆధారం లేదు. కానీ పీల్చే పద్ధతి తప్పితే మందంతా గొంతులోనే పడుతుంది. నొక్కే ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, గాలి వదిలి, నెమ్మదిగా లోతుగా పీలుస్తూ ఒకసారి నొక్కి, పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే నొక్కడానికీ పీల్చడానికీ పొంతన కుదరని వృద్ధులకు సులువవుతుంది. క్యాప్సూల్ పొడిని పీల్చే పరికరానికి ఇది వర్తించదు, దాన్ని వేగంగా, బలంగా పీల్చాలి. స్టిరాయిడ్ ఉన్నదైతే తరవాత నోరు పుక్కిలించాలి. మందు పని చేయడం లేదని మోతాదు పెంచే ముందు "ఒకసారి నా ముందు పీల్చి చూపించండి" అనడం మంచి వైద్యుడి లక్షణం.

థియోఫిలిన్ మాత్రల సంగతి కూడా చెప్పుకోవాలి. చౌక, మింగడం సులువు, అందుకే అవి ఇంకా విరివిగా వాడుకలో ఉన్నాయి. బ్రిటన్‌లో 1,567 మంది సీఓపీడీ రోగులకు స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌తో పాటు తక్కువ మోతాదు థియోఫిలిన్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఏడాది పాటు ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది: ఉధృతులు ఒకరిలో ఏడాదికి సగటున 2.24, మరొకరిలో 2.23. అంటే తేడా లేదు.

స్టిరాయిడ్ ఇన్‌హేలర్ ఎవరికి అవసరమో చెప్పే సూచిక మన వీధి చివరి ల్యాబ్‌లోనే దొరకడం ఇటీవలి పరిశోధనల్లో నాకు బాగా నచ్చిన విషయం. సీబీపీ అని పిలిచే మామూలు రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాల లెక్క ఉంటుంది. మైక్రోలీటరుకు 300, అంతకు మించి ఉన్న రోగులకు ఉధృతులు వస్తుంటే, రెండు నాళ విస్తరణ మందులకు స్టిరాయిడ్‌ను చేర్చడం బాగా పనిచేస్తుంది. 100 లోపు ఉంటే మేలు జరిగే అవకాశం తక్కువ, నిమోనియా ముప్పు మాత్రం ఉంటుంది. ఆంధ్ర ప్రాంతంలో ఎడతెగని దగ్గునంతా "ఇస్నోఫీలియా" అనే అలవాటు ఉంది. అది వేరు, ఇది వేరు. నులిపురుగులు, బోదకాలు క్రిములు కూడా ఈ కణాలను పెంచుతాయి కాబట్టి మన దగ్గర ఆ అంకెను ఆచితూచి చదవాలి.

ఈ కణాల దారిలోనే కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. డుపిలుమాబ్ అనే యాంటీబాడీ, ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి మూడు ఇన్‌హేలర్ మందులు వాడినా ఉధృతులు ఆగని వారిలో, వాటిని బోరియస్ ప్రయోగంలో 30 శాతం, నోటస్ ప్రయోగంలో 34 శాతం తగ్గించింది. 2024 సెప్టెంబరులో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. సీఓపీడీకి అనుమతి పొందిన మొదటి యాంటీబాడీ మందు ఇదే. 2025లో మెపోలిజుమాబ్ కూడా చేరింది. అదే సమయంలో ఆక్స్‌ఫర్డ్, లండన్ పరిశోధకులు 158 మందితో చేసిన ఆబ్రా ప్రయోగం ఇంకో ప్రశ్న వేసింది. ఉధృతి సమయంలో ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇవ్వడం దశాబ్దాల ఆనవాయితీ. పదేపదే వాడితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది. ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉన్న ఉధృతిలో బెన్రాలిజుమాబ్ ఒక్క మోతాదు ఇస్తే 90 రోజుల్లో చికిత్స విఫలమైనవారు 45 శాతం, మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో 74 శాతం. ప్రయోగం చిన్నది, పెద్దది జరగాలి. ఇక 2024 జూన్‌లో అనుమతి పొందిన ఎన్సిఫెంట్రిన్ నెబ్యులైజర్‌తో పీల్చే మందు. నాళాలను తెరవడం, వాపును తగ్గించడం రెండూ చేస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా సీఓపీడీలో కొత్త తరహా పీల్చే మందు రాలేదు కాబట్టి దానికి అంత ప్రచారం. ఈ కొత్త మందులు ఖరీదైనవి, కొందరికే పనికొచ్చేవి. మన ఇల్లాలికి ఇప్పుడు కావలసింది ఇవి కావు.

ఉబ్బసంలో మాత్రం ఒక మార్పు అందరికీ చెందుతుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా సాల్బ్యుటమాల్ ఒక్కటే పీల్చి సరిపెట్టుకోవడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. అది నాళాన్ని తెరుస్తుంది గాని వాపును తాకదు. 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు పెద్దలకు, కౌమారులకు ఆ మందు ఒక్కటే ఇవ్వవద్దంటున్నాయి. స్వల్ప ఉబ్బసంలో కూడా స్టిరాయిడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను సూచిస్తున్నాయి.

మందుల దుకాణంలో దొరకని చికిత్స ఒకటుంది. దాన్ని శ్వాస పునరావాసం అంటారు. పర్యవేక్షణలో నడక, కాళ్లకు చేతులకు బలం చేకూర్చే వ్యాయామం, ఊపిరిని అదుపులో పెట్టుకునే పద్ధతులు, కొన్ని వారాల పాటు. ఇది ఊపిరితిత్తిని మార్చదు. వాడక కృశించిన కండరాలను బలపరుస్తుంది, అవి అదే పనికి తక్కువ ఆక్సిజన్ అడుగుతాయి. సీఓపీడీతో ఆసుపత్రిలో చేరిన దాదాపు రెండు లక్షల మంది అమెరికా వృద్ధుల వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 90 రోజుల్లోపు పునరావాసం మొదలుపెట్టిన వారిలో ఏడాదిలో మరణించినవారు 7.3 శాతం, మిగిలినవారిలో 19.6 శాతం. వ్యాయామానికి వెళ్లగలిగినవారు ముందే కొంత ఆరోగ్యవంతులై ఉండవచ్చు కాబట్టి తేడా అంతా దానిదే అనలేం. ఆశ్చర్యం కలిగించేది వేరు: అంత డబ్బున్న దేశంలో కూడా ఆ మొదటి గుంపులో వందకు ఇద్దరైనా లేరు.

ఆక్సిజన్ గురించి ఒక్క మాట. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవారికి రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వచ్చిన రెండు ప్రయోగాలు తేల్చాయి. కొద్దిగా మాత్రమే తగ్గిన 738 మందిపై చేసిన 2016 నాటి ప్రయోగంలో ఏ మేలూ కనిపించలేదు. ఆయాసంగా ఉందని సిలిండర్ అద్దెకు తెచ్చుకునే ముందు ఆ అంకె చూపించుకోవాలి.

4.5 నివేదికలు చదవండి

కింది మూడు నివేదికలను చూసి, మీ జవాబు రాసుకున్నాకే తరవాతి పేరా చదవండి.

అ) 58 ఏళ్ల పురుషుడు, బీడీ కార్మికుడు. మందు ఇచ్చిన తరవాత ఎఫ్‌వీసీ 3.0 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.5 లీటర్లు. ఉండవలసిన ఎఫ్‌ఈవీ1 2.6 లీటర్లు.

ఆ) 24 ఏళ్ల యువతి. రాత్రిళ్లు దగ్గు. మందుకు ముందు నిష్పత్తి 0.62, మందు తరవాత 0.81.

ఇ) 52 ఏళ్ల మహిళ, కట్టెల పొయ్యి. ఎఫ్‌వీసీ 1.9 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.5 లీటర్లు. ఉండవలసిన ఎఫ్‌ఈవీ1 2.1 లీటర్లు.

జవాబులు: మొదటి నివేదికలో నిష్పత్తి 0.50. అవరోధం ఉంది. ఎఫ్‌ఈవీ1 ఉండవలసిన దానిలో 58 శాతం కాబట్టి మధ్యస్థ సీఓపీడీ. రెండో దానిలో ఇరుకు మందుతో పూర్తిగా తెరుచుకుంది. సీఓపీడీ కాదు, ఉబ్బసం వైపు ఆలోచించాలి. మూడో దానిలో నిష్పత్తి 0.79. గీత ప్రకారం సీఓపీడీ లేదు, కానీ ఎఫ్‌ఈవీ1 71 శాతమే, అంటే ప్రిజమ్. "అంతా బాగుంది" అని రాసిన విద్యార్థికి మార్కులు రావు. సరిగ్గా ఊదిందో లేదో చూడాలి, ఎక్స్‌రే, గుండె, రక్తహీనత పరీక్షలు చూడాలి, కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతోందా అని అడగాలి, ఏడాది తరవాత మళ్లీ ఊదించాలి.